సముద్రపు గాలికి వంగిన చెట్టు: గదిలో కృత్రిమ బోన్సాయ్ అమర్చుకోవడం ఎలా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను దాటి వెళ్లాక, మా వీధిలో మిగిలిన చెట్టు ఒక్కటే. ఆకు అనేది లేకుండా, కొమ్మలన్నీ ఒక పక్కకి ఒరిగిపోయి నిలబడింది. కొన్నాళ్లకి చిగురు వేసింది కానీ, ఒరిగిన మాను ఒరిగినట్టే ఉండిపోయింది. గాలి ఎటునుంచి కొట్టిందో ఆ చెట్టును చూస్తే ఎవరికైనా అడగకుండానే తెలుస్తుంది.

చాలా ఏళ్ల తర్వాత హాల్లో పెట్టుకుందామని ఒక కృత్రిమ బోన్సాయ్ (పెద్ద చెట్టు రూపాన్ని చిన్న తొట్టిలో చూపే పొట్టి చెట్టు) కొన్నాను. ఆకులు బాగున్నాయి, మాను మెలికలు తిరిగి ముచ్చటగా ఉంది. అయినా ఏదో లోటు. నాలుగు రోజులు చూశాక అర్థమైంది: ఆ మెలికకి కారణం కనబడటం లేదు. నిజమైన చెట్టు ఊరికే వంగదు. వెలుతురు కోసం వంగుతుంది, గాలికి వంగుతుంది, రాయి అడ్డొస్తే పక్కకి తిరుగుతుంది. కృత్రిమ చెట్టుకి అలాంటి గతమేమీ ఉండదు కాబట్టి దాన్ని మనమే ఏర్పాటు చేయాలి. చెట్టు ఎందుకు వంగింది, వెలుతురు ఎటునుంచి వస్తోంది, వేళ్లు దేన్ని పట్టుకున్నాయి అన్నవి గదిలోనే కనబడితే, ఆకు ప్లాస్టిక్ అని తెలిసినా మన కన్ను ఒప్పుకుంటుంది. కింద చెప్పే పనులన్నీ అందుకోసమే.

బతికున్న బోన్సాయ్ పెంచే వీలుంటే తప్పకుండా అదే పెంచండి. కానీ బోన్సాయ్ ఆరుబయట పెరగాల్సిన చెట్టు. తొట్టి చిన్నది, మట్టి తక్కువ, ఎండ మాత్రం మామూలు చెట్టుకి కావలసినంత కావాలి. కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంట్ గోడ కనబడే ఫ్లాట్లో మర్రి జాతి మొక్క కూడా నెమ్మదిగా ఆకు రాల్చేస్తుంది. ఇక ఫొటోల్లో చూసి మనం ముచ్చటపడే జునిపర్, పైన్ లాంటివి చలిదేశపు చెట్లు. వాటికి ఏటా కొంతకాలం గట్టి చలిలో విశ్రాంతి కావాలి. విశాఖలో జనవరి రాత్రి కూడా సాధారణంగా 15 డిగ్రీల పైనే ఉంటుంది. కాబట్టి పైన్ చెట్టును ఇక్కడ గదిలో చూసుకోవాలంటే కృత్రిమమైనదే దారి.

ఒక మాట పెద్దవాళ్ల గురించి. ఎదగని చెట్టు ఇంట్లో ఉండకూడదని, ఉత్తుత్తి మొక్కలు మంచివి కావని చాలా ఇళ్లలో అంటారు. మా అమ్మ కూడా అంది. వాదించలేదు. చెట్టు దేవుడి మూలకి, గుమ్మానికి ఎదురుగా కాకుండా ఎక్కడైతే ఆవిడకి ఇబ్బంది లేదో అడిగి అక్కడే పెట్టాను. ఇప్పుడు వారానికోసారి దాని దుమ్ము దులిపేది ఆవిడే. ఇంట్లో అందరికీ నచ్చిన చోటు దొరకడం కూడా అలంకరణలో భాగమే అనుకోండి.

మొదట చోటు, తర్వాతే చెట్టు

చాలామంది చెట్టు కొన్నాక చోటు వెతుకుతారు. దాంతో అది టీవీ పక్కనో, ఫ్రిజ్ మీదో, షోకేసులో బొమ్మల మధ్యో ఇరుక్కుంటుంది. ముందు చోటు తేల్చుకోండి.

మీరు హాల్లో ఎక్కువసేపు కూర్చునే చోట కూర్చుని, నేల నుంచి మీ కంటి ఎత్తు టేపుతో కొలిపించుకోండి. సోఫా మీద ఒక లెక్క, కింద చాప మీద కూర్చునే అలవాటుంటే ఇంకో లెక్క. చెట్టు నడిమి భాగం ఆ ఎత్తుకి దగ్గరగా రావాలి. పై నుంచి చూస్తే బోన్సాయ్ కూరగాయల మొక్కలా ఉంటుంది. ఎదురుగా, కాస్త కింది నుంచి చూస్తేనే పెద్ద చెట్టు కింద నిలబడిన భావన వస్తుంది. ఉదాహరణకి కంటి ఎత్తు 40 అంగుళాలు, తొట్టితో కలిపి చెట్టు ఎత్తు 16 అంగుళాలు అనుకుంటే, బల్ల సుమారు 32 అంగుళాలు ఉండాలి. బల్ల తక్కువైతే కింద పీట వేయొచ్చు, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఎత్తు తేలాక ఒక అట్టపెట్టెను చెట్టు ఆకారంలో కత్తిరించి, అనుకున్న చోట నిలబెట్టి రెండు రోజులు వదిలేయండి. తలుపు తగులుతుందా, ఫ్యాను గాలి నేరుగా కొడుతుందా, పిల్లలు పరిగెత్తే దారిలో ఉందా, పొద్దున ఎండ ఎంతసేపు పడుతోంది అన్నవన్నీ ఆ అట్టముక్కే చెప్పేస్తుంది.

ఎండ సంగతి గట్టిగా చెప్పాలి. నా మొదటి చెట్టును పడమటి కిటికీ గట్టు మీద పెట్టాను. ఒక్క వేసవికే ఎండ తగిలిన వైపు ఆకులు తెల్లబారి, నీలి ఛాయకి తిరిగాయి. రెండో వైపు మాత్రం కొన్ననాటి పచ్చదనమే. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి రంగూ పోతుంది, ప్లాస్టిక్ పెళుసూ బారుతుంది. సముద్రం వైపు కిటికీలకి పొద్దుటి ఎండ, కొండ వైపు కిటికీలకి మధ్యాహ్నపు ఎండ తగిలే ఊరు మనది. ఏ వైపైనా నేరుగా ఎండ పడే గట్టు వద్దు. కిటికీ పక్క గోడకి, వెలుతురు ఏటవాలుగా వచ్చే చోట పెట్టండి.

గోడ సాదాగా ఉండాలి. పూల వాల్‌పేపర్ ముందు ఏ బోన్సాయీ కనబడదు. గోడ బాగాలేకపోతే వెనక ఒక సాదా నేత బట్టను తెరలా వేలాడదీయండి. నేను పొందూరు ఖద్దరు ముక్క వేశాను. దాని పాలమీగడ రంగు మీద ఆకుపచ్చ నిమ్మళంగా కనబడుతుంది. గోడకీ చెట్టుకీ మధ్య కనీసం నాలుగైదు అంగుళాలు ఖాళీ వదలండి. నీడ పడటానికి ఆ చోటు కావాలి.

జపాన్ సంప్రదాయ ఇళ్లలో బోన్సాయ్ లాంటివి పెట్టుకోవడానికి టోకొనోమా అని గోడలో లోపలికి ఉండే చిన్న అర ఉంటుంది. అందులో ఒక చిత్రపటం వేలాడుతుంది, ఒక చెట్టు, దాని పక్కన చిన్న తోడు వస్తువు ఉంటాయి. మిగతాదంతా ఖాళీ. మన పాత ఇళ్లలో దీపం పెట్టుకునే గూడు గుర్తుందా? మీ ఇంట్లో అలాంటి గూడు ఖాళీగా ఉంటే, ఎనిమిది అంగుళాల చిన్న చెట్టుకి అంతకు మించిన చోటు లేదు. దీపం వెలిగించే గూడైతే మాత్రం వద్దు. ప్లాస్టిక్ ఆకు, నిప్పు ఒక్కచోట ఉండకూడదు. అగరబత్తి స్టాండు కూడా దూరంగానే పెట్టండి.

ఎలాంటి చెట్టు కొనాలి

ఆకుల కంటే ముందు మాను చూడండి. ఆకులు మార్చుకోవచ్చు, కత్తిరించుకోవచ్చు. మాను సరిగా లేకపోతే చేయగలిగింది తక్కువ. మొదట్లో లావుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడాలి. అడుగు నుంచి తల దాకా ఒకే లావు ఉంటే గొట్టంలా కనబడుతుంది. మాను రెండు రకాలు: అచ్చులో పోసిన ప్లాస్టిక్ లేక ఫోమ్, లేదా నిజమైన ఎండు కర్ర. చూపుకి కర్ర బాగుంటుంది. అయితే అది కొనేటప్పుడు తెల్ల కాగితం మీద నిలబెట్టి తట్టండి. సన్నటి పొడి రాలితే లోపల పురుగుంది, వదిలేయండి. కర్రకి పగుళ్లు ఉంటే పరవాలేదు, నాకైతే ఇష్టం కూడా.

ఆకుల్లో గట్టి పీవీసీ, మెత్తటి పాలిథిన్, సిల్కు అని పిలిచే పాలియెస్టర్ బట్ట దొరుకుతాయి. అచ్చులో పోసిన పాలిథిన్ ఆకులు దగ్గరి నుంచి చూడటానికి సహజంగా ఉంటాయి, నీళ్లతో కడగొచ్చు. బట్ట ఆకులు అందంగా ఉన్నా మన తేమకి, దుమ్ముకి తొందరగా మాసిపోతాయి, అంచులు పోగులు వస్తాయి. విశాఖలో ఉండేవాళ్లు పాలిథిన్ వైపే మొగ్గండి. ఒక చెట్టులో ఆకులన్నీ ఒకే పచ్చ రంగులో ఉంటే మానేసి, లేతవీ ముదురువీ కలిసినది ఎంచుకోండి. ఆకు చిన్నదిగా ఉండాలి. పన్నెండు అంగుళాల చెట్టుకి రెండు అంగుళాల ఆకు ఉంటే అది కొమ్మ విరిచి గుచ్చినట్టే ఉంటుంది.

రూపాల్లో నిటారుగా నిలిచేది, మెలికలతో పైకి లేచేది, పక్కకి వాలేది, తొట్టి అంచు దాటి కిందికి జారేది, గాలికి కొట్టుకుపోయినట్టుండేది అని ఉన్నాయి. జపానీయులు వీటన్నిటికీ పేర్లు పెట్టుకున్నారు. గాలికి వంగినదాన్ని ఫుకినగాషి అంటారు. తీరంలో సరుగుడు చెట్లను చూస్తూ పెరిగిన మనకి ఆ రూపం ఎవరూ వివరించక్కర్లేదు. గులాబీ పూల చెర్రీ, ఎర్ర మేపుల్ కంటే మర్రి, జువ్వి తరహావి, గాలికి వంగిన సూది ఆకులవి మన గదుల్లో బాగా ఇముడుతాయని నా అభిప్రాయం. కిందికి జారే రూపం తీసుకుంటే ఎత్తైన, బరువైన తొట్టి తప్పనిసరి, లేకపోతే ఫ్యాను గాలికే తిరగబడుతుంది.

కొమ్మలు సరిచేయడం

అసలు పని ఇదే. ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం దీనికి కేటాయించండి.

పెట్టెలోంచి తీసిన చెట్టు నలిగి, ఆకులు అణిగిపోయి ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో, ఒక అడుగు దూరం నుంచి ఊపుతూ పట్టండి. ఆకులు మెత్తబడగానే వేళ్లతో విప్పండి. మరుగుతున్న నీళ్లలో మాత్రం ముంచొద్దు. చాలా చెట్లలో రెమ్మలను మానుకి వేడి జిగురుతో అంటిస్తారు, అది ఊడిపోతుంది.

తర్వాత చెట్టును చుట్టూ తిప్పి దాని ముఖం ఎటుందో వెతకండి. బోన్సాయ్‌కి ముందూ వెనకా ఉంటాయి. వేళ్లు బాగా పరుచుకున్నట్టు, మాను వంపు స్పష్టంగా, తల కొద్దిగా మన వైపు వాలినట్టు కనబడే పక్కే ముఖం. అది తేలాక తొట్టికి అడుగున చిన్న గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు కొమ్మలు. కింది కొమ్మ చెట్టు ఎత్తులో మూడో వంతు దగ్గర మొదలైతే చూడముచ్చటగా ఉంటుంది. అంతకంటే కిందున్నవి తీసేయండి. కింది కొమ్మలు పొడవుగా, పైవి పొట్టిగా ఉండాలి. ఒక కొమ్మ కుడికి, ఒకటి ఎడమకి, ఒకటి వెనక్కి. ఆ వెనక కొమ్మని చాలామంది అనవసరమని తీసేస్తారు, కానీ చెట్టుకి లోతు వచ్చేది దానివల్లే. మనిషి కంటికి సూటిగా పొడుచుకొచ్చే కొమ్మ, మానుకి అడ్డంగా ముందు నుంచి వెళ్లే కొమ్మ ఉంటే వంచండి, వంగకపోతే కత్తిరించండి. లోపల ఇనుప తీగ ఉన్న కొమ్మలు ఎలా వంచితే అలా నిలబడతాయి. తీగ లేని వాటికి రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ చుట్టి వంచొచ్చు. ఇనుప తీగ కొనొద్దు. సముద్రపు గాలిలోని ఉప్పుకి అది ఎంత తొందరగా తుప్పు పడుతుందో మన బాల్కనీ గ్రిల్సే చెబుతాయి. కత్తిరించిన చోట పాత ఇనుప తీగ మొన బయటపడితే, దాని మీద రంగు లేని నెయిల్ పాలిష్ చుక్క వేయండి.

ఆకులు తగ్గించడానికి భయపడొద్దు. షాపు చెట్టు నిండుగా కనబడాలని రెమ్మలు దట్టంగా గుచ్చుతారు. అందులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా తీసేయాల్సి వస్తుంది. గుబురుకీ గుబురుకీ మధ్య వెనక గోడ కనబడాలి. ప్రతి గుబురు పైన గుండ్రంగా, అడుగున చదునుగా ఉండాలి. అడుగుకి వేలాడే ఆకుల్ని ఒక్కొక్కటే కత్తిరిస్తే కొమ్మ గీత బయటపడుతుంది. ఆ గీతతోనే చెట్టుకి వయసు వస్తుంది. తీసిన రెమ్మల్ని పారేయకండి, రేపు ఏదైనా విరిగితే పనికొస్తాయి.

గాలికి వంగిన రూపం కావాలంటే ఇక్కడ ఒక నియమం ఉంది: అన్ని కొమ్మలూ ఒకే గాలికి లోబడాలి. మాను ఎడమకి వాలి, పై కొమ్మ కుడికి తిరిగి ఉంటే గాలి కథ చెదిరిపోతుంది. గాలి తగిలే వైపు కొమ్మలు పొట్టిగా, ఒకటి రెండు మోడులా ఆకు లేకుండా ఉంచండి. మోడు కొమ్మకి తెల్లటి బూడిద రంగు వేస్తే ఎండకి ఎండిన కట్టెలా ఉంటుంది.

రంగు వేయడం కష్టమేమీ కాదు. బూడిద, లేత గోధుమ అక్రిలిక్ రంగుల్ని కుంచెతో తీసుకుని, కాగితం మీద దాదాపు ఆరిపోయేదాకా తుడిచి, మాను గరుకు మీద పైపైన రుద్దండి. ఎత్తుగా ఉన్న గీతలకే రంగు అంటి, పగుళ్లు ముదురుగా మిగులుతాయి. అచ్చు ప్లాస్టిక్ మాను ఈ ఒక్క పనితోనే మారిపోతుంది. ఆకుల మెరుపు పోవాలంటే మ్యాట్ వార్నిష్ స్ప్రేని డాబా మీద, మాస్కు పెట్టుకుని, పల్చగా ఒక్కసారి కొట్టండి. అంతకు ముందు పాత ఆకు మీద కొట్టి చూసుకోవడం మంచిది.

వేళ్లు, తొట్టి, మట్టి

కృత్రిమ చెట్టు ఎక్కడ బయటపడిపోతుందో తెలుసా? మాను మట్టిలోకి దిగే చోట. నిజమైన చెట్టు అక్కడ వెడల్పై, వేళ్లు నేలను పట్టుకుని ఉంటుంది. షాపు చెట్టు కొవ్వొత్తిలా గుచ్చినట్టుంటుంది.

దీనికి మందు హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎమ్‌సీల్, అంటే రెండు ముద్దల్ని కలిపితే గట్టిపడే పుట్టీ. రెండు ముద్దల్నీ సమానంగా కలిపి, గట్టిపడకముందే సన్నటి పాముల్లా చుట్టి, మాను అడుగు నుంచి నాలుగైదు దిక్కులకి పరిచి అతికించండి. మానుతో కలిసే చోట తడి వేలితో నునుపు చేయండి. కొన ఒక్కొక్కటీ సన్నబడి మట్టిలోకి మాయమవ్వాలి. వంగిన చెట్టైతే వాలుకి ఎదురు వైపు వేళ్లు పొడవుగా, బిగువుగా పెట్టండి, పడిపోకుండా అవే లాగి పట్టినట్టుంటుంది. టూత్‌పిక్‌తో పొడవునా గీతలు గీసి, ఒక రాత్రి ఆరనిచ్చి, మానుకి వేసిన రంగులే వేయండి. చేతులకి గ్లవ్స్ వేసుకోండి.

తొట్టి విషయంలో బోన్సాయ్ పెంచేవాళ్ల లెక్కలు మనకీ పనికొస్తాయి. తొట్టి పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులు, లోతు మాను అడుగు లావు అంత. చెట్టుతో వచ్చే చిన్న ప్లాస్టిక్ కుండీ ఆ లెక్కకి ఎప్పుడూ రాదు. నర్సరీల్లో, రోడ్డు పక్క కుండీల వాళ్ల దగ్గర పల్లెంలాంటి పింగాణీ తొట్లు దొరుకుతాయి. "మొక్క లేకుండా ఉత్తి తొట్టి ఏటి చేసుకుంటారమ్మా?" అని ఆశ్చర్యపోయిన ఒకాయన, సంగతి చెప్పాక నాకోసం వెతికి మరీ సన్నటి అంచున్న తొట్టి తీసిచ్చాడు. పూలు లేని చెట్టుకి మెరుపు లేని మట్టి రంగు, పూల చెట్టుకి నీలం, ఆకుపచ్చ పింగాణీ నప్పుతాయి. కోడిగుడ్డు ఆకారం, దీర్ఘచతురస్రం తొట్లలో చెట్టును నడిమధ్య నాటకుండా ఒక పక్కకి జరపండి. వాలు ఏ వైపో ఆ వైపు ఎక్కువ ఖాళీ మిగలాలి. గుండ్రటి తొట్టి అయితే నడుమే బాగుంటుంది.

తొట్టి కన్నాలకి లోపలి నుంచి టేపు వేయండి. అడుగున బరువుకి గులకరాళ్లు, వాటి మీద బిగువుగా కోసిన థర్మోకోల్. అందులో మానుని గుచ్చి జిగురుతో నిలబెట్టండి. పైన అర అంగుళం మందాన నిజమైన మట్టి. దాన్ని జల్లెడ పట్టి, రెండు రోజులు ఎండలో బాగా ఎండబెట్టండి, లేకపోతే చీమలొస్తాయి. తొట్టి అంచుల దగ్గర పల్లంగా, మాను దగ్గర కొంచెం గుట్టగా ఉండేలా పరచండి. ఫెవికాల్‌ని సమానంగా నీళ్లతో కలిపి చెంచాతో చుక్కలు చుక్కలుగా పోస్తే ఒక రోజులో మట్టి కదలకుండా బిగుసుకుంటుంది. ఆరాక తెలుపు కనబడదు.

ఎర్రమట్టి కావాలని భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి మాత్రం గుప్పెడు కూడా తేవొద్దు. అది భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన చోటు. వేల ఏళ్లుగా పేరుకున్న ఆ ఇసుక మళ్లీ రాదు. నర్సరీలో ఎర్రమట్టి దొరుకుతుంది. గులకరాళ్లు కూడా బీచ్ నుంచి ఏరి తేవడం కంటే అక్వేరియం షాపులో కొనండి. ఉప్పు ఉన్న రాయి తేమ పీల్చి, ఆరినప్పుడల్లా తెల్లటి పొర కడుతుంది.

నాచు దగ్గర ఒక దెబ్బ తిన్నాను, మీరు తినకండి. "ప్రిజర్వ్‌డ్ మాస్" అని అమ్మేది నిజమైన నాచే. గ్లిజరిన్‌లో ఊరబెట్టి, రంగు వేసి నిలవ ఉంచుతారు. గ్లిజరిన్ గాలిలోని తేమను లాగుతుంది. మా ఇంట్లో వానాకాలం వచ్చేసరికి అది జిగురుగా మారి, ఆకుపచ్చ రంగు తొట్టి అంచు మీదుగా కారి, బల్ల మీద మరక పడింది. ఏసీ ఎప్పుడూ ఆడే గదిలో అయితే నిలుస్తుందేమో గాని, సముద్రానికి దగ్గరి ఇళ్లలో నైలాన్ పీచుతో చేసిన కృత్రిమ నాచు పొడే మంచిది. మట్టి మీద అక్కడక్కడా ఫెవికాల్ రాసి చల్లండి. మొత్తం కప్పేయకండి. చెట్టు నీడ పడే వైపు ఎక్కువ, వెలుతురు తగిలే వైపు తక్కువ ఉండాలి.

పీట, తోడు, ఖాళీ

చెట్టును నేరుగా బల్ల మీద పెడితే వస్తువులా ఉంటుంది. కింద ఒక పీట వేస్తే దానికంటూ ఒక స్థానం వస్తుంది. ఇంట్లో వాడకుండా ఉన్న పాత భోజనాల పీట ఉంటే కడిగి, ఆరబెట్టి, కొద్దిగా నూనె రాసి వాడండి. పీట తొట్టి కంటే అన్ని వైపులా ఒకటి రెండు అంగుళాలు వెడల్పుండాలి. పూజకి వాడే పీట జోలికి వెళ్లకండి.

కిటికీని బట్టి వాలు నిర్ణయించండి. గాలికి వంగిన చెట్టైతే కిటికీ నుంచి గది లోపలికి వాలాలి, అటునుంచే గాలి కొట్టిందనిపిస్తుంది. మామూలు మెలికల చెట్టైతే కిటికీ వైపు, వెలుతురు వైపు వాలాలి. తిప్పి పెట్టి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

పక్కన ఒక్క తోడు వస్తువు చాలు, అది చెట్టు కంటే బాగా చిన్నదై ఉండాలి. ఏటికొప్పాక లక్క పని చిన్న గిన్నె నాకు నచ్చింది. అంకుడు కర్ర మీద సహజ రంగులతో చేసే ఆ పనితనం ప్లాస్టిక్ పక్కన ఒక నిజమైన చెట్టు ముక్కలా నిలుస్తుంది. వాలు వైపు మాత్రం ఏదీ పెట్టకండి. చెట్టు వెడల్పు ఎంతో కనీసం అంత చోటు అటు ఖాళీగా ఉండాలి. బుద్ధుడి బొమ్మ, చిన్న వంతెన, బాతులు, గులకరాళ్ల దారి అన్నీ కలిపి పెడితే చూపు చెట్టు మీద నిలవదు.

వెలుతురు

మన ఇళ్లలో ట్యూబులైటు వెలుగు సాధారణంగా 6500 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత), నీలం వైపు ఉంటుంది. ఆ వెలుగులో ప్లాస్టిక్ పచ్చ ప్లాస్టిక్‌లాగే కనబడుతుంది. చెట్టు కోసం విడిగా 2700 లేక 3000 కెల్విన్ వార్మ్ వైట్ ఎల్ఈడీ ఒకటి, మూడు నుంచి ఐదు వాట్లది, పెట్టండి. చిన్న స్పాట్‌లైటును కిటికీ ఉన్న వైపు నుంచే, పైనుంచి ఏటవాలుగా వేయాలి. పగలు వెలుతురు ఒకవైపు నుంచి, రాత్రి ఇంకోవైపు నుంచి వస్తే వాలుకి అర్థం మారిపోతుంది. గోడ మీద నీడ చెట్టు కంటే కొంచెం పెద్దదిగా పడేలా లైటును ముందుకీ వెనక్కీ జరపండి. ఆకులకి అడుగున్నర దూరంలోనైనా ఉండాలి.

దుమ్ము, తేమ, వాన

ఇక్కడి గాలిలో ఉప్పు, తేమ, దుమ్ము కలిసి ఉంటాయి. పోర్టుకి దగ్గరి వీధుల్లో ఇళ్లవాళ్లకి నల్లటి దుమ్ము సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. తేమతో కలిసిన దుమ్ము ఆకుకి అతుక్కుపోతుంది, అందుకే వారం దాటనివ్వొద్దు. మెత్తటి మేకప్ బ్రష్‌తో పై నుంచి కిందికి దులపండి. మూడు నెలలకోసారి తొట్టిని ప్లాస్టిక్ కవరుతో కట్టి, గిన్నెడు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల షాంపూ కలిపి, స్పాంజితో ఆకులు తుడిచి, మంచినీళ్లతో మళ్లీ తుడవండి. నీడలో ఆరబెట్టండి. బట్ట ఆకులకి, కర్ర మానుకి నీళ్లు తగలనివ్వకుండా హెయిర్ డ్రయ్యర్ చల్లగాలితో దుమ్ము ఊదేయండి.

కర్ర మాను మీద వానాకాలంలో తెల్లటి బూజు కనబడితే పొడి బ్రష్‌తో బయట దులిపి, పొద్దుటి ఎండలో ఓ గంట ఉంచి, పూర్తిగా ఆరాక మ్యాట్ వార్నిష్ ఒక పూత వేయండి. గోడ చెమ్మగిల్లే ఇల్లైతే ఆ నెలల్లో చెట్టును ఇంకో నాలుగు అంగుళాలు ముందుకి జరపండి.

అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి కిటికీ దగ్గరి చెట్టును తీసి లోపలి గదిలో నేల మీద పెట్టేయాలి. తీసే ముందు పీట మీద తొట్టి నాలుగు మూలల దగ్గరా పెన్సిల్‌తో సన్నటి గీతలు గీసుకోండి. గాలి తగ్గాక మళ్లీ పెట్టేటప్పుడు చెట్టు అదే వైపు వాలాలి.